పీట మీద నుంచి లేవడానికి ఏడాది పట్టింది

అమ్మ పదకొండో రోజు కర్మలో పీట మీద మఠం వేసుకుని కూర్చున్న నేను, తంతు ముగిశాక లేవలేకపోయాను. పురోహితులు చేయి అందించగా, మా బావగారు వెనుక నుంచి చంకల కింద పట్టి లేపారు. అందరూ దుఃఖం వల్ల అనుకున్నారు గానీ, దుఃఖానికి మోకాళ్లు పట్టేయవని నాకు తెలుసు. అప్పటికి నా వయసు 51, బరువు 88 కిలోలు.

అమ్మకు కిడ్నీలు పాడయ్యాక పందొమ్మిది నెలల పాటు వారానికి మూడుసార్లు, ప్రతిసారీ నాలుగు గంటల డయాలసిస్ నడిచింది. ఆమె తాగే నీళ్లు గ్లాసుతో కొలిచేవాణ్ణి, పొటాషియం తగ్గడానికి కూరగాయలు ఉడికించి ఆ నీళ్లు వంపేసేవాణ్ణి. అంత లెక్కగా పథ్యం చూసిన మనిషిని, లోపల మిషన్ తిరుగుతున్నంతసేపూ ఎదురుగా ఉన్న బండి దగ్గర అల్లం చట్నీతో పునుగులు తింటూ, రెండేసి టీలు తాగుతూ నిలబడేవాణ్ణి. విజయవాడలో పునుగుల బండి లేని వీధి దొరకడం కష్టమే కానీ, తప్పు బండిది కాదు.

నెల మాసికం అయ్యాక రక్తపరీక్ష చేయించుకుంటే, మూడు నెలల చక్కెర సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 6.4 వచ్చింది, 6.5 నుంచి మధుమేహం కింద లెక్క. ఆ భయంతో జిమ్‌లో చేరి, చేరిన నాలుగో రోజే శిక్షకుడు భుజాల మీద బరువు పెట్టి గుంజీలు తీయిస్తుంటే వద్దనలేక తీశాను. పక్కన పాతికేళ్ల కుర్రాళ్లు చూస్తున్నారన్న సిగ్గు కూడా కొంత ఉంది. ఎడమ మోకాలు వాచి మూడు వారాలు మంచం మీదే గడిచాయి.

ఫిజియోథెరపిస్టు గారు బరువు సంగతి తరువాత చూద్దామని చెప్పి, ముందు కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవమన్నారు. ఆరుసార్లు లేచేసరికి తొడలు వణికాయి. మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టుకుని దాన్ని కిందికి అదిమి అయిదు లెక్కపెట్టడం, కాలు చాపి జానెడెత్తు లేపి ఆపడం, కుర్చీలోంచి లేవడం, ఈ మూడే రెండు నెలలు చేశాను. ఇంత చిన్న పనికి రుసుము ఇవ్వాలా అని మనసులో విసుక్కున్న మాట నిజం. తొడ కండరం గట్టిపడితే మోకీలు మీద భారం తగ్గుతుందని ఆయన చెప్పింది నాకు మెట్లు దిగేటప్పుడు తెలిసివచ్చింది.

మొదటి షిఫ్టు డయాలసిస్ కోసం నాలుగున్నరకే లేచే అలవాటు అమ్మ పోయాక కూడా పోలేదు. చీకట్లో పైకప్పు చూస్తూ పడుకోవడం కంటే నయమని, డిసెంబరులో ప్రకాశం బ్యారేజీ మీదికి నడకకు వెళ్లడం మొదలుపెట్టాను. 1957లో పూర్తయిన ఆ బ్యారేజీకి 70 గేట్లు, పొడవు 1,223 మీటర్లు. మొదటిరోజు నేను లెక్కపెట్టుకున్నవి పద్దెనిమిది గేట్లు; అక్కడ రెయిలింగ్ పట్టుకుని కృష్ణలోకి చూస్తున్నట్టు నటిస్తూ ఊపిరి తీసుకున్నాను. వారానికి మూడు నాలుగు గేట్ల చొప్పున పెంచుకుంటూ, మాట్లాడగలిగేంత వేగంతోనే నడుస్తూ, మార్చి చివరికి సీతానగరం ఒడ్డు దాకా వెళ్లి తిరిగిరాగలిగాను. మే నెలలో అయిదున్నరకే చెమట కారుతుంటే దూరం సగానికి కుదించి, మిగతాది ఇంట్లో కుర్చీతో పూర్తిచేశాను.

అన్నం మానలేదు. అమ్మకు నీళ్లు కొలిచిన గ్లాసుతోనే బియ్యం కొలిచాను, కూర రెట్టింపు చేశాను, పొద్దున పెసరట్టో రెండు గుడ్లో తిన్నాను. రాత్రి తొమ్మిది దాటాక వంటింట్లోకి వెళ్లే అలవాటు మాత్రం అన్నిటికంటే మొండిది. ఇప్పటికీ నెలలో రెండు మూడు రాత్రులు అది నన్ను గెలుస్తూనే ఉంది.

సంవత్సరీకం నాటికి బరువు 79, హెచ్‌బీఏ1సీ 5.8. పిండప్రదానం అయ్యాక పురోహితులు పాత జ్ఞాపకంతో చేయి చాపారు. నేను అప్పటికే లేచి ఉన్నాను. ఎడమ మోకాలు మాత్రం, పక్కన కూర్చున్న బావగారికి వినపడేంత గట్టిగా, టక్కుమంది.