నాన్నగారి రక్తపోటు, మా ఇంటి ఉప్పు

మా నాన్నగారికి రక్తపోటు ఉందని బయటపడింది మోకాలి నొప్పికి చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు. తలనొప్పి లేదు, కళ్ళు తిరగడం లేదు. యంత్రంలో మాత్రం 168/102. మెట్లెక్కిన ఆయాసంలో చూసిన అంకెను నమ్మకూడదని, వీపు ఆనించి, పాదాలు నేలకు మోపి, చేతిని గుండె ఎత్తున బల్లపై ఉంచి, అయిదు నిమిషాల తరువాత మళ్ళీ చూశారు. ఆ తరువాతి వారాల్లోనూ అది 140/90 దాటే ఉండటంతో జబ్బును నిర్ధారించారు.

ఎక్కువమందికి ఉండేది ప్రాథమిక రక్తపోటే. వంశం, వయసు, బరువు, ఉప్పు, మద్యం కలిసి తెచ్చే దానికి ఒకే కారణాన్ని వేలెత్తి చూపలేము. రెండో రకం మూత్రపిండాల జబ్బు, మూత్రపిండాల పైనుండే అడ్రినల్ గ్రంథులు హార్మోన్లను అతిగా విడుదల చేయడం వంటి వాటి వల్ల వస్తుంది. మోకాలికి ఆయన రోజూ మింగుతున్న నొప్పి మాత్రలు కూడా రక్తపోటును పెంచగలవని నాకు అప్పుడే తెలిసింది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు 5 గ్రాముల లోపే ఉప్పు వాడమంటుంది. ఆవకాయ, అప్పడం, ఎండుచేపల పులుసు ఉన్న మా విశాఖ ఇంట్లో మధ్యాహ్న భోజనానికే ఆ లెక్క తీరిపోయేది. ఆర్కే బీచ్‌లో నడక ఆయన సులువుగానే అలవాటు చేసుకున్నారు (తిరిగొస్తూ తినే మిరపకాయ బజ్జీల సంగతి వేరు). పై అంకె 128కి దిగగానే "తగ్గిపోయిందిగా" అని రక్తపోటుకు వేసుకుంటున్న ఆమ్లోడిపిన్ మాత్రలు మానేశారు. మూడు వారాలకు మళ్ళీ 160. ఇప్పుడు ఆ మాత్రల డబ్బా కాఫీ గ్లాసు పక్కనే ఉంటోంది.