భువనగిరి బండ మీద మా ఆఫీసు

ఉద్యోగులందరినీ ఒకరోజు బయటికి తీసుకెళ్లే పని ఈసారి నా నెత్తిన పడింది. ఇంతకుముందు అదంతా ఏదో ఒక రిసార్టులో జరిగిపోయేది. పొద్దున నాయకత్వం మీద ఉపన్యాసం, మధ్యాహ్నం బిర్యానీ, సాయంత్రం తంబోలా. మర్నాడు అడిగితే బిర్యానీ సంగతి తప్ప ఎవరికీ ఏదీ గుర్తుండేది కాదు.

నేను భువనగిరి పేరు చెప్పాను. హైదరాబాదు నుంచి వరంగల్ దారిలో దాదాపు 50 కిలోమీటర్లు. బండలెక్కడం నేర్పే శిక్షణ కేంద్రం అక్కడే ఉంది. 2014 మే 25న, 13 ఏళ్ల 11 నెలల వయసులో ఎవరెస్టు శిఖరం చేరిన మాలావత్ పూర్ణ శిక్షణ పొందింది ఈ బండ మీదేనని సమావేశంలో ఉత్సాహంగా చెప్పాను. "ఆ అమ్మాయికి పదమూడు, మనకు నలభై మూడు" అన్నారు అకౌంట్స్ నుంచి ఒక పెద్దాయన. కాదనలేని మాట.

ముందు ఒక ఆదివారం వెళ్లి చూసి వచ్చాను. కోట అందం చూడటానికి కాదు. నీడ ఎక్కడుంది, బస్సు ఎక్కడిదాకా వస్తుంది, మరుగుదొడ్డి ఎంత దూరం, ఎవరికైనా కాలు మడతపడితే కిందికి ఎలా దించాలి, దగ్గరి ఆసుపత్రి ఏది అన్నవి చూసుకోవడానికి. అక్కడి శిక్షకుడు మొదట అడిగింది కూడా, "ఎంతమంది వస్తారు?" అని కాదు, "ఎన్ని గంటలకు వస్తారు?" అని. డిసెంబరే అయినా ఎండెక్కితే రాయి కాలుతుందట. అందుకే తాళ్ల పని పొద్దునే ముగించాలని నిర్ణయించాం.

తర్వాత అందరికీ ఒక కాగితం పంచాను. బీపీ, మోకాళ్ల నొప్పి, ఎత్తంటే భయం, వేసుకునే మందులు ఉంటే రాయమని. చివర్లో "బండ ఎక్కడం మీ ఇష్టం" అని ఒక వాక్యం చేర్చాను. మా డైరెక్టర్ గారు దాన్ని కొట్టేయమన్నారు. తప్పనిసరి చేయకపోతే ఎవరూ ముందుకు రారని ఆయన వాదన. నేను ఒప్పుకోలేదు. పదిమంది చూస్తుండగా భయపడేవాణ్ణి అంచుకు నెట్టడం నాయకత్వ శిక్షణ ఎలా అవుతుంది? కాసేపు నలిగాక ఆ వాక్యం ఉండిపోయింది.

బయల్దేరిన రోజు ఉప్పల్ దాటేసరికి ఇంకా చీకటే. ఘట్‌కేసర్, బీబీనగర్ దాటాక తెల్లవారింది. దూరం నుంచి ఆ కొండ పడుకున్న ఏనుగులా కనబడగానే బస్సులో మాటలు తగ్గిపోయాయి. 500 అడుగులకు పైగా లేచిన ఏకశిల అది. ఎక్కడో ఒకచోట గడ్డి పోచ తప్ప పట్టుకోవడానికి ఏమీ కనిపించదు.

రాపెల్లింగ్‌కు, అంటే తాడు సాయంతో బండ మీంచి కిందికి దిగడానికి, జట్లను చీట్లు వేసి కలిపాం. ఎవరి కింద ఎవరు పనిచేస్తారో చూడలేదు. అలా డైరెక్టర్ గారి జట్టులో డిస్పాచ్‌లో కొత్తగా చేరిన అమ్మాయి పడింది. ఆయన పైన, ఆ అమ్మాయి కింద. దిగేవారి నడుముకు 8 అంకె ఆకారంలో ఒక లోహపు పరికరం ఉంటుంది, తాడు అందులోంచి జారుతుంది. కింద ఉన్నవారు ఆ తాడును రెండు చేతులతో వదులుగా పట్టుకుని, పైవారి పట్టు జారితే గట్టిగా కిందికి లాగాలి. తాడు బిగిసి మనిషి ఆగిపోతాడు. శిక్షకులు పైనుంచి మరో రక్షణ తాడు కట్టారు, కానీ కింద నిలబడ్డవారికి అది గుర్తుండదు.

అంచు దగ్గర ఆయన ఆగిపోయారు. "సార్, మోకాళ్లు వంచకండి. వెనక్కి వాలండి, తాడు మీద కూర్చోండి" అంటున్నాడు శిక్షకుడు. కూర్చోవడానికి అక్కడ గాలి తప్ప ఏముంది? వాలకపోతే బూటు జారుతుంది, వాలడానికి మనసు ఒప్పదు. కిందనుంచి ఆ అమ్మాయి, "సార్, నేను పట్టుకున్నాను. కుడికాలు కొంచెం కిందికి" అంది. ఆఫీసులో ఆయన ఎదుట గొంతు పెగలని పిల్ల. "ఇప్పుడు ఎడమకాలు. ఆగండి. ఆ పగులు పక్కన పెట్టండి." అడుగడుగూ ఆమె చెప్పినట్టే ఆయన దిగారు. దిగాక ఆమె అరచేతులు చూస్తే తాడు అచ్చు ఎర్రగా పడి ఉంది. చేతి తొడుగులు తీసేసి పట్టుకుందట, పట్టు బాగా తెలుస్తుందని. శిక్షకుడు దానికి గట్టిగానే కోప్పడ్డాడు.

ఎక్కనన్నవాళ్లు ఖాళీగా లేరు. మోకాళ్ల నొప్పి ఉన్న మేడమ్ ఒకరు జాబితా పట్టుకుని, హెల్మెట్ బకిల్ చూడనిదే, మంచినీళ్లు తాగించనిదే ఎవరినీ కదలనివ్వలేదు. ఆ రోజు అందరూ మారుమాట లేకుండా విన్నది ఆమె మాటే. "నలభై మూడు" అన్న పెద్దాయన మిగిలినవాళ్లను మెట్లదారిన పైకి తీసుకెళ్లి నీటి గుంటలు, శిథిల మహలు చూపించారు. 1076 నుంచి 1126 దాకా ఏలిన చాళుక్య రాజు ఆరో విక్రమాదిత్యుడి కాలపు కోట అని, సర్వాయి పాపన్న దీని మీద దాడి చేశాడని చెబుతూ ఆయన ముందు నడుస్తుంటే కుర్రాళ్లు రొప్పుతూ వెనక పడ్డారట.

పులిహోర, పెరుగన్నం తిన్నాక చెట్టు కింద ఒక అరగంట మాట్లాడుకున్నాం. ఉపన్యాసం లేదు, తెర లేదు. అడిగిన ప్రశ్న ఒకటే: ఎవరి మాట విన్నారు, ఎందుకు విన్నారు? డైరెక్టర్ గారు తన వంతు వచ్చినప్పుడు డిస్పాచ్ అమ్మాయి పేరు చెప్పి, "కాలు ఎక్కడ పెట్టాలో నాకు కనబడలేదు, ఆమెకు కనబడింది" అన్నారు. వచ్చే ఏడాది కాగితంలో ఆ వాక్యాన్ని మొదట్లోనే పెట్టమని బస్సెక్కుతూ నాకు చెప్పారు.