రింగు దాకా 6.75 మీటర్లు: విజయనగరం, శ్రీకాకుళం ప్రయాణం

డిసెంబరులో మూడు రోజుల ప్రయాణం. బాస్కెట్‌బాల్ జట్టులోని పన్నెండు మంది కుర్రాళ్లు, కోచింగ్ చూసే మేమిద్దరం, రెండు సంచుల బంతులు, ఒక కొలత టేపు, ఒక పురికొస ఉండ. మొదటి మ్యాచ్ విజయనగరంలో, మిగిలిన రెండూ శ్రీకాకుళంలో. జట్టుకున్న జబ్బు విశాఖలో రైలెక్కేటప్పటికే అందరికీ తెలుసు: త్రీ పాయింటర్లు, అంటే దూరపు గీత బయటినుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు, పడటం లేదు. ఎందుకు పడటం లేదన్నది మాత్రం దారిలోనే తేలింది.

విజయనగరంలో దిగి, గంటస్తంభం దగ్గర ఇడ్లీ తిని, కోట పక్కనుంచి నడిచి గ్రౌండుకి చేరాం. మ్యాచ్ పదకొండింటికి. తిండి మూడు గంటల ముందే అయిపోవాలి కాబట్టి ఎనిమిదింటికే టిఫిన్లు ముగించాం. కొత్త కోర్టుకు వెళ్లగానే బంతి పట్టుకోకుండా ముందు టేపు తీయడం మా పద్ధతి. రింగు ఎత్తు 3.05 మీటర్లు ఉండాలి. ఆరుబయట కోర్టుల్లో పిల్లలు వేలాడీ వేలాడీ రింగు ముందు అంచు కిందికి వంగిపోతుంది. అందుకే ముందు అంచుకీ, బోర్డు వైపు అంచుకీ విడివిడిగా కొలవాలి. అక్కడ ముందు అంచు మూడు సెంటీమీటర్లు దిగి ఉంది.

తర్వాత పురికొస పని. కొసకి రాయి కట్టి రింగు నడిమధ్య నుంచి వేలాడదీయాలి. రాయి నేల తాకిన చోట సుద్దముక్కతో గుర్తు పెడితే అది బోర్డు వెనకున్న కోర్టు చివరి గీత లోపలి అంచు నుంచి 1.575 మీటర్లు రావాలి. ఆ గుర్తు నుంచి 6.75 మీటర్లకు త్రీ పాయింట్ గీత. 1984లో అంతర్జాతీయ నిబంధనల్లోకి వచ్చినప్పుడు ఈ దూరం 6.25 మాత్రమే, 2010లో 6.75 అయింది. ఈ కోర్టులో పాత గీత వెలిసిపోయిన తెల్లరంగులో, కొత్త గీత పసుపులో, రెండూ ఉన్నాయి. అలవాటు కొద్దీ తెల్లగీత దగ్గర కాలు పెట్టి వేస్తే కష్టపడింది త్రీకి, వచ్చేది రెండు పాయింట్లు. వార్మప్‌లోనే ఇద్దరు ఆ పొరపాటు చేశారు. కార్నర్లో దూరం ఇంకాస్త తక్కువ, 6.6 మీటర్లు. కానీ అక్కడ గీతకీ సైడ్‌లైనుకీ మధ్య జాగా 90 సెంటీమీటర్లే. 30 సెంటీమీటర్ల బూట్లు రెండు ఎడంగా పెట్టి నిలబడితే ఇంకేం మిగలదు. మడమ బయటికి పోతే బంతి అవతలివాళ్లది.

మ్యాచ్ 58–46తో ఓడాం. బయటినుంచి 24 వేస్తే 4 పడ్డాయి, అంటే ప్రయత్నానికి అర పాయింటు. గీత లోపల, రెండేసి పాయింట్లకి, 30 వేస్తే 14 పడి 28 పాయింట్లు వచ్చాయి. త్రీలు మూడింటికి ఒకటి పడితే ప్రయత్నానికి ఒక పాయింటు, లోపల సగం పడినదానికి సమానం. ఆ మట్టానికి మేం చాలా దిగువన ఉన్నాం.

ఇక్కడితో ఆగితే "చెయ్యి కుదరలేదు" అనేసి ఊరుకోవచ్చు. చాలా జట్లు అదే అంటాయి. మా స్కోర్‌షీట్ పక్కన ఇంకో కాగితం ఉంటుంది. ప్రతి షాటుకీ మూడు గుర్తులు: బంతి ఎలా వచ్చింది, పాదాలు ఆగాయా లేదా, తప్పితే ఎటు తప్పింది. శ్రీకాకుళం బస్సులో ఆ కాగితం తీశాం. రైల్లో వెళ్తే ఆమదాలవలసలో దిగి మళ్లీ ఊళ్లోకి ఆటోలు వెతుక్కోవాలి. సంచులతో అది చిరాకు. బస్సు నాతవలస దగ్గర హైవే ఎక్కి, రణస్థలం దాటేలోపు లెక్క తేలిపోయింది. 24లో 15 షాట్లు డ్రిబుల్ చేస్తూ చేస్తూ (బంతిని నేలకి కొడుతూ కదులుతూ) ఎవరికి వాళ్లు లేచి వేసినవి. అందులో పడింది ఒకటి. లోపలికి వెళ్లిన బంతి బయటికి తిరిగొచ్చాక వేసినవి తొమ్మిది, పడినవి మూడు. తప్పిన ఇరవైలో 13 పొట్టివి, రింగు ముందు అంచు తగిలినవో అసలు తగలనివో. పక్కకి పోయినవి అయిదు, పొడుగైనవి రెండే.

పొట్టిగా పడితే తప్పు కాళ్లది. పక్కకి పోతే ఆసరా చెయ్యిది, అంటే బంతిని పక్కనుంచి పట్టే ఎడమ చెయ్యిది. ఎడమ బొటనవేలు చివర్లో బంతిని నెట్టేస్తే బంతి మీది గీతలు వెనక్కి నిటారుగా కాకుండా వంకరగా తిరుగుతాయి. మాది ప్రధానంగా కాళ్ల జబ్బు. బంతి వచ్చేటప్పటికి మోకాళ్లు వంగి లేవు. అందుకున్నాక వంగి లేచేసరికి ఎదుటివాడి చెయ్యి మొహం ముందుకొస్తుంది. దాంతో కంగారుపడి చేతులతో విసురుతారు, బంతి చదునుగా వెళ్తుంది.

చదును ఎందుకు నష్టమో బస్సు సీటు వెనక సుద్దముక్కతో గీసి చూపించాం (తర్వాత తుడిచేశాం). రింగు లోపలి కొలత 45 సెంటీమీటర్లు, బంతి వ్యాసం సుమారు 24. 45 డిగ్రీల్లో దిగే బంతికి రింగు నోరు 32 సెంటీమీటర్లుగా కనిపిస్తుంది, అంటే ఎనిమిది సెంటీమీటర్ల వెసులుబాటు. 35 డిగ్రీల్లో దిగితే నోరు 26 కూడా లేదు, వెసులుబాటు రెండు లోపే. 32 డిగ్రీలకు దిగిందంటే అంచు తగలకుండా పడే దారే లేదు.

శ్రీకాకుళంలో కోర్టు సిమెంటుది, తూర్పు పడమరలుగా వేసింది. పొద్దున్న ఏడింటికి వెళ్లేసరికి నేల మంచుకి తడిసి ఉంది. గోనెపట్టాతో తుడిచినా బంతి జారుతూనే ఉంది. తూర్పు బోర్డు వైపు వేసేవాడి కళ్లలోకి సూటిగా ఎండ. ఆ ఊరి పీఈటీ మాస్టారొకరు గోడ పక్కన నిలబడి మావాణ్ణి పిలిచారు: "ఒరే బాబూ, రింగు తరవాత, ముందు ఆ కొబ్బరాకు చూడు. ఆకు ఎటు ఊగితే బంతీ అటే పోద్ది." మధ్యాహ్నానికి సముద్రపు గాలి లేచింది, మాస్టారి మాట అక్షరాలా నిజమైంది. గాలికి భయపడి బంతిని కిందుగా వెయ్యాలనిపిస్తుంది. వేస్తే పైన చెప్పిన ఇరుకులో పడతాం. దానికంటే సగం సగంగా ఆలోచించడం మేలు. రెండో సగంలో బోర్డులు మారతాయి కాబట్టి గాలి వీపు వెనక ఉన్న సగంలో త్రీలు, ఎదురుగాలి సగంలో లోపలి ఆట అని ముందే తేల్చుకున్నాం.

మ్యాచ్‌కి ఇచ్చిన బంతి రబ్బరుది, గాలి బిగించి ఉంది. 1.8 మీటర్ల నుంచి వదిలితే బంతి పైభాగం 1.2, 1.4 మీటర్ల మధ్యకి లేవాలి. అది అంతకుమించి లేచింది. రిఫరీ గారిని అడిగి కొంచెం గాలి తీయించాం. గట్టి బంతి రింగు తగిలితే దూరం ఎగురుతుంది, త్రీ తప్పినప్పుడు ఎదుటివాళ్లకి పరుగు దొరుకుతుంది. అందుకే షాటు లేవగానే ఒక గార్డు (రింగుకి దూరంగా బయట ఆడేవాడు) కోర్టు సగం గీత దగ్గరికి వెనక్కి వెళ్లి తీరాలి.

సాధన ఆ ఉదయమే చేయించాం, పెద్దగా ఏమీ లేదు. రింగుకి రెండు మీటర్ల దగ్గర ఒంటిచేత్తో అంచు తగలకుండా పదేసి. తర్వాత ఫ్రీ త్రో గీత (ఫౌల్ అయినప్పుడు ఎవరూ అడ్డు రాకుండా వేసే షాటు గీత) దగ్గర పది. ఆ తర్వాతే ఆర్క్ (త్రీ పాయింట్ గీత వంపు) చుట్టూ అయిదు చోట్ల పదేసి, అన్నీ పాస్ అందుకునే. పాస్ ఇచ్చేవాడికే ఎక్కువ చెప్పాల్సి వచ్చింది: బంతి, షాటు వేసేవాడి కుడి భుజం ముందు, ఛాతీ ఎత్తులో రావాలి. మోకాలి దగ్గరికొస్తే పైకి తెచ్చుకునే సమయంలో ఖాళీ మూసుకుపోతుంది. అందుకునేవాడు బంతి గాల్లో ఉండగానే ఎడమ, కుడి అని రెండడుగుల్లో ఆగి, మోకాళ్లు వంచి ఉండాలి.

ఊహించినట్టే ఎదుటి జట్టు టూ-త్రీ జోన్ కట్టి (ముందు ఇద్దరు, వెనక ముగ్గురు, ఎవరి జాగా వాళ్లు కాస్తూ) ముగ్గురిని రింగు కిందే ఉంచింది. మా కుర్రాళ్లు బయటినుంచి వెయ్యలేరని వాళ్లకీ కబురందింది. జోన్ చుట్టూ బంతి తిప్పుతూ కూర్చుంటే షాటు వెయ్యడానికిచ్చే 24 సెకన్లు అయిపోతాయి. మేం పొడుగాటి కుర్రాణ్ణి ఫ్రీ త్రో గీత దగ్గరికి రప్పించి బంతి ముందు అతనికి ఇప్పించాం. ముందున్న ఇద్దరూ వెనక్కి తిరిగి అతని మీదికి వచ్చారు, వెనక నడుమ ఉన్నవాడు పైకి లేచాడు, కార్నర్ ఖాళీ అయింది. అప్పుడు వచ్చిన పాస్‌కి కార్నర్లోవాడు నిలబడి, ఊపిరి తీసుకుని వేశాడు. ఆ మ్యాచ్‌లో 17కి 6 పడ్డాయి. ఫ్రీ త్రోలు పోగొట్టుకుని నాలుగు పాయింట్లతో ఓడాం, అయినా ఆ ఆరూ ఒకే దారిలో, బంతి లోపలికి వెళ్లి వచ్చాకే పడ్డాయి.

మూడో రోజు మ్యాచ్ ముందు అరసవల్లి వెళ్లొచ్చాం. చివరి మ్యాచ్ మూడు క్వార్టర్లలో 12కి 6. నాలుగో క్వార్టర్లో అయిదు వేస్తే ఒక్కటీ లేదు. పాస్‌లు బాగానే వచ్చాయి, ఖాళీలూ ఉన్నాయి, కాగితం మీద అయిదింటికీ "పాదాలు ఆగాయి" అనే ఉంది. అయిదూ పొట్టివే. మూడు రోజుల్లో మూడు మ్యాచ్‌లు ఆడిన కాళ్లవి. తిరుగు బస్సులో రాసుకున్న కొత్త సాధన ఒకటే: ఈ వారం నుంచి షూటింగ్ ఉదయం తాజాగా ఉన్నప్పుడు కాదు, కోర్టు ఈ చివర నుంచి ఆ చివరికి ఎనిమిది పరుగులు తీశాక, వగరుస్తూ ఉండగానే పదేసి.