తనంతట మొలిచిన పూలమొక్కలు: ఏది ఉంచాను, ఏది పీకాను

వానలకు పూలమడి నిండా లేచిన మొలకల్లో ఏది ఉండాలో, ఏది పోవాలో నిన్నటితో తేలింది. ప్రాణం కుదుటపడింది.

బిళ్ళగన్నేరు, కాశీరత్నం దగ్గర ఆలోచించే పనే లేదు. గింజతో పుట్టేవే కాబట్టి, ఎక్కువైనవాటిని మట్టి తడిగా ఉన్నప్పుడు లాగితే వేరుతో సహా వచ్చేస్తాయి. తుమ్మీ అంతే. తుంగను మాత్రం ఒక్క పోచ కూడా ఉంచలేదు. లాగితే పోచ తెగి చేతికొస్తుంది, లోపలున్న గడ్డ నుంచి మళ్లీ లేస్తుంది. గడ్డ దొరికేదాకా తవ్వాల్సిందే.

అసలు చిక్కంతా కాస్మోస్ పూలమొక్క మొలకలతో, వయ్యారిభామ (పార్థీనియం) అనే కలుపు మొలకలతో వచ్చింది. రెండింటి ఆకులూ చీలికలు చీలికలుగానే ఉంటాయి. కానీ వయ్యారిభామ తగిలితే కొందరికి ఒళ్లంతా దద్దుర్లు, పుప్పొడి పీలిస్తే ఆయాసం. ఏపుగా పెరిగిన ఒక్క మొక్క 15,000 గింజలకు పైగా రాల్చగలదు. ఇక్కడ పొరపాటు పడితే ఏళ్ల తరబడి పీకుతూనే ఉండాలి. ఫొటో తీస్తే పేరు చెప్పే యాప్‌కు ఒకే మొలకను రెండుసార్లు చూపిస్తే రెండు పేర్లు చెప్పింది. పూత రాని మొలక విషయంలో అలాంటి యాప్‌లను నమ్మకండి.

నమ్మాల్సింది మన కళ్లనే. మోకాళ్ల మీద కూర్చుని చూడండి. కాస్మోస్ బీజదళాలు (గింజ నుంచి మొట్టమొదట వచ్చే జంట ఆకులు) సన్నగా, పొడుగ్గా ఉంటాయి. కాండం వెంటనే నిటారుగా లేస్తుంది, ఆకులు ఎదురెదురుగా జతలుగా వస్తాయి. వయ్యారిభామ బీజదళాలు చిన్నవి, గుండ్రటివి. ఆ తర్వాతి ఆకులు నేలకు అతుక్కుని చక్రంలా పరుచుకుంటాయి. లేత ఆకుపచ్చ రంగు, మీద సన్నటి నూగు. కాండం లేచాక దాని మీద నిలువు గీతలు కనబడతాయి, ఆకులు ఒకదాని తర్వాత ఒకటిగా వస్తాయే గాని జతలుగా రావు.

అప్పటికీ అనుమానం తీరకపోతే రెండు మొలకలను చిన్న కుండీలోకి మార్చి విడిగా పెట్టండి. మొగ్గ కనిపించగానే సంగతి తేలిపోతుంది. మొలిచిన నాలుగైదు వారాలకే వయ్యారిభామ పూతకు రావచ్చు, అందుకని కుండీని రోజూ చూడాలి. తెల్లటి చిట్టి మొగ్గలు గుత్తిగా కనిపిస్తే ఆ రోజే పీకేయండి, మడిలో ఉన్న దాని జాతినంతా కూడా. చేతికి తొడుగు, నిండు చేతుల చొక్కా తప్పనిసరి. పూసిన మొక్కను ఎరువు గుంటలో వేయొద్దు, కవర్లో మూట కట్టేయాలి.

కలుపు కనబడగానే మడంతా పారతో తిరగేయమని సలహా ఇచ్చేవాళ్ల మీద నాకు చాలా కోపం. లోపల నిద్రపోతున్న గింజలు పైకొచ్చి, వెలుతురు తగిలి, మళ్లీ మొలుస్తాయి. పీకిన చోట ఎండుటాకులు రెండు మూడు అంగుళాల మందాన పరచడమే మేలు. కాకపోతే పూలమొక్కలు మళ్లీ మొలవాలనుకున్న జాగాను ఖాళీగా వదలాలి.

మిగిలిన కాస్మోస్‌ను అడుగుకొకటి చొప్పున ఉంచాను. ఒత్తుగా వదిలేస్తే కాడలు బక్కపలచగా సాగి గాలికి పడిపోతాయి.

చంద్రకాంత విషయంలో సగం మనసుతోనే ఉన్నాను. సాయంత్రం విచ్చుకునే ఆ పూల వాసనకు కాదనలేను. కానీ దాని వేరు దుంపలా ఊరుతుంది, మొదలుకంటా కోసినా చిగురిస్తుంది, మిరియాల్లాంటి నల్ల గింజలు చుట్టూ రాల్చుతుంది. గింజలు విషం కూడా, కాబట్టి చిన్నపిల్లలు తిరిగే చోట వద్దు. మడి మూలన ఒక్క మొక్క ఉంచి తక్కినవాటిని దుంపతో సహా తవ్వేశాను. ఆ ఒక్కదాని కాయలు నల్లబడేలోపే రెండు రోజులకోసారి గిల్లేయాలి.