46 గంటల బుడగ

పెద్దపేగు క్యాన్సర్‌కి ఆపరేషన్ అయ్యాక రెండు వారాలకోసారి చొప్పున నాకు 12 కీమోలు రాశారు. సెలైన్‌లా ఎక్కించి పంపేస్తారనుకున్నాను. మొదటి రోజు సగం అలాగే జరిగింది. కాలర్ బోన్ కింద చర్మంలోపల అమర్చిన పోర్ట్‌కి (మందు రక్తనాళంలోకి వెళ్ళే చిన్న డబ్బీ) సిస్టర్ సూది గుచ్చి, స్టాండుకున్న పంపుతో ఆక్సాలిప్లాటిన్ అనే కీమో మందు రెండు గంటలు ఎక్కించారు. ట్యూబులో గాలి చేరినా, ఎక్కడైనా నలిగినా ఆ పంపు కుయ్యిమని మోగుతుంది. మొదట్లో ఆ మోతకి గుండె దడదడలాడేది. రానురాను అదే ధైర్యమైంది.

ఇంటికి పంపేముందు ఆ పంపు తీసేసి, అరచేతిలో ఇమిడే ప్లాస్టిక్ సీసా తగిలించారు. లోపల ఫ్లోరోయురాసిల్ అనే ఇంకో కీమో మందు నింపిన రబ్బరు బుడగ. కరెంటు లేదు, బ్యాటరీ లేదు. బుడగ తనంతట తాను ముడుచుకుంటూ 46 గంటలపాటు మందుని నెడుతుంది.

"ఒక్కసారే ఇచ్చెయ్యొచ్చుగా సిస్టర్?" అన్నాను.

"ఈ మందు రక్తంలో ఎక్కువసేపు నిలవదండీ, నిమిషాల్లో తగ్గిపోతుంది. క్యాన్సర్ కణాలన్నీ ఒకేసారి విభజన చెందవు కదా. ఏ కణం ఎప్పుడు మొదలుపెట్టినా మందు అక్కడ ఉండాలి."

ఆ మాట విన్నాక సీసాని బరువనుకోలేదు.

ట్యూబు మీద చిన్న బిళ్ళలాంటిది ఒకటుంటుంది. మందు వేగం దాని చేతిలోనే. ఒంటి వేడికి సరిపడేలా తయారుచేస్తారు కాబట్టి చర్మానికి ఆనించి టేపు వేస్తారు. నాలుగో కీమోలో తెల్లారి చూస్తే బుడగ పెద్దగా తగ్గలేదు. మా ఆవిడ పూటపూటకీ దాన్ని ఫోటో తీసేది, పక్కపక్కన పెట్టి చూస్తేనే తెలిసింది. చెమటకి టేపు ఊడి బిళ్ళ చొక్కా బయట వేలాడుతోంది. చల్లబడితే మందు నెమ్మదిస్తుందట. కంగారుగా ఫోన్ చేశాం.

"ట్యూబు మీది క్లాంపులు, అదే క్లిప్పులు, తెరిచే ఉన్నాయా? ట్యూబు మడతపడలేదుగా? బిళ్ళని మళ్ళీ ఒంటికి అతికించండి. సీసాని మాత్రం నొక్కకండి" అన్నారు సిస్టర్. ఆసారి ఐదు గంటలు ఆలస్యంగా అయిపోయింది. మీ ఇంట్లో ఎవరికైనా ఈ సీసా పెడితే దయచేసి ఆ టేపు రోజూ చూడండి.

పన్నెండోది తీసే రోజు బుడగ లోపలి పుల్లకి అతుక్కుపోయి ఉంది. సెలైన్‌తో పోర్ట్ కడిగి, సూది లాగి, దూది అదిమారు.

రెండేళ్ళయింది. స్కాన్లు బాగున్నాయి. ఆక్సాలిప్లాటిన్ వల్ల వచ్చిన తిమ్మిరి అరికాళ్ళలో కొంచెం మిగిలింది. చెప్పులు జారినా తెలియక, ఒక్కోసారి వంగి చూసుకుంటాను.