మంగళవారం, మొదటి షిఫ్టు

నాలుగింటికి లేచేసరికి నాన్న అప్పటికే చొక్కా తొడుక్కుని అరుగు మీద కూర్చుని ఉన్నారు. మంగళ, శుక్రవారాలు డయాలసిస్ రోజులు, కిడ్నీలు చేయలేని రక్తశుద్ధిని మిషనుతో చేయించే రోజులు. ఆ రోజుల్లో ఆయన్ని లేపే పని ఉండదు. రాత్రి వానకు దారి బురదై, ఐదింటికి రావలసిన ఆటో ఐదున్నర దాటాక వచ్చింది. జీడితోటల మధ్య నుంచి పెద్ద రోడ్డెక్కేటప్పటికి తెల్లవారింది.

డయాలసిస్ సెంటరులో బరువు తూచారు. డ్రై వెయిట్ కన్నా, అంటే ఒంట్లో అదనపు నీరు లేనప్పటి బరువు కన్నా, 3 కిలోల 200 గ్రాములు ఎక్కువ. శుక్రవారం నుంచి ఒంట్లో చేరిన నీరంతా అది. సిస్టర్ నా వైపు చూసింది. నేను నాన్న వైపు చూశాను. ఆయన ఫ్యాను వైపు చూశారు.

"కొబ్బరినీళ్లు తాగారా తాతగారూ?"

"లేదమ్మా."

ఎనభై చెట్లు తన చేతులతో నాటిన మనిషి. శ్రీకాకుళం జిల్లాలోని మా ప్రాంతం పేరు ఉద్దానం. ఉద్యానవనమే ఉద్దానమైందంటారు, ఇక్కడ పుట్టి బొండానికి భయపడాలి. అందులోని పొటాషియాన్ని పాడైన కిడ్నీలు బయటికి పంపలేవు, ఎక్కువైతే గుండె ఆగిపోవచ్చు. నాన్నకు నీళ్లు రోజుకు లీటరులోపే, చారూ మజ్జిగా కలుపుకుని. మిషనుకేమో నాలుగు గంటల్లో 120 లీటర్ల శుద్ధమైన నీరు కావాలి. "నా వాటా కూడా దీనికే పోస్తున్నారు" అన్నారు ఈ రోజు, సూదులు గుచ్చుతుంటే. పక్క మంచం ఆయన నవ్వలేక నవ్వాడు.

ఎనిమిదిన్నరకు కరెంటు పోయింది. మిషన్లన్నీ ఒక్కసారిగా కీచుమన్నాయి. బ్యాటరీ మీద రక్తం తిరుగుతూనే ఉంటుంది గానీ శుద్ధి ఆగిపోతుంది. జనరేటరు అందుకోవడానికి ఇరవై నిమిషాలు పట్టింది. ఆ ఇరవై నిమిషాలూ చివర్లో కలపలేదు, రెండో షిఫ్టు వాళ్లు వరండాలో కూర్చుని ఉన్నారు మరి. వాళ్లను చూస్తూ అడగడానికి నాకూ నోరు రాలేదు.

వారానికి మూడుసార్లు చేయించమన్నారు డాక్టరుగారు. రెండే కుదురుతున్నాయి. మూడోదానికి మంచం ఖాళీ లేదు, ఉన్నా నాకు ఇంకో రోజు కూలి పోతుంది. ప్రభుత్వమిచ్చే 10,000 రూపాయల పింఛనులో ఆటోకు, ఇంజక్షన్లకు పోగా మిగిలేది తక్కువే. ఒకప్పుడు విశాఖ దాకా, 200 కిలోమీటర్లకు పైగా వెళ్లేవాళ్లు కదా, ఇప్పుడు నయం కాదా అంటారు ఊళ్లో. నయమే. 2023 డిసెంబరులో పలాసకు కిడ్నీ ఆసుపత్రి కూడా వచ్చింది. కానీ ఆ పాత కష్టాన్ని చూపించి ఇప్పటి కష్టం చెప్పుకోనివ్వకపోవడం నాకు నచ్చదు. కాగితం మీద నాలుగు గంటల వైద్యం, మాకు నాలుగింటి నుంచి రెండింటి దాకా.

ఇంటికి రాగానే నాన్న పడుకున్నారు. అన్నం వద్దన్నారు.

సాయంత్రం పేడ తీస్తుంటే పశువుల పాక వెనక కొట్టిన బొండం కనిపించింది. సగం దాకా నీళ్లున్నాయి, పైన చీమలు తేలుతున్నాయి. ఆయన తాగకుండా వదిలేసినవో, రాత్రి కురిసిన వాన నీళ్లో తెలియలేదు.