మంచులో గుడిసె సంగతి తర్వాత, ముందు మే నెల దాటాలి

మా పిల్లలిద్దరికీ సర్వైవల్ వీడియోల పిచ్చి పట్టింది. ఎవరో ఒకాయన మంచులో గుడిసె కట్టుకుని, కర్రలు రుద్ది నిప్పు పుట్టించి చేపని కాల్చుకు తింటుంటే వీళ్ళు ముద్ద చేతిలో పట్టుకుని అలాగే చూస్తుంటారు. సరే మనమూ నేర్చుకుందాం అని నేనే అన్నా, కానీ ఆ వీడియోల్లో వరస మనకి పనికిరాదని నా గట్టి నమ్మకం. వాళ్ళ దగ్గర చలి చంపుతుంది కాబట్టి నిప్పూ గూడూ ముందు. మా ఊరు గిద్దలూరు వైపు, నల్లమల అంచున. అక్కడ మనిషిని పడేసేది ఎండ, తర్వాత నీళ్ళు, పాము, బావి.

అందుకే మొదటి పాఠం చాలా బోరింగ్‌గా అయింది, ఉప్పూ పంచదారా కలపడం. లీటరు మంచినీళ్ళకి 6 టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు, రెండూ గోపురంలా కాకుండా గీసినట్టు సమంగా కొలవాలి, ఉప్పు ఎక్కువైతే ఉన్న రోగానికి ఇంకోటి తోడవుతుంది. ఒళ్ళు కాలిపోతూ మాట తడబడుతుంటే మాత్రం ఇలాంటివి తాగిస్తూ కూర్చోకూడదు, నీడలోకి లాగి బట్టలతో సహా తడిపేసి, విసురుతూ 108కి ఫోన్ కొట్టాలి, స్పృహ సరిగ్గా లేనివాళ్ళ నోట్లో నీళ్ళు పొయ్యకూడదు. ఈ ఆఖరు ముక్క పెద్దవాళ్ళకే ఎక్కువ చెప్పాలి, ఎవరు పడిపోయినా మనవాళ్ళు ముందు గ్లాసు పట్టుకునే పరిగెడతారు.

నీళ్ళ సంగతికి అడవి దాకా వెళ్ళక్కర్లేదు. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు వాగు పొంగినప్పుడు విజయవాడ సింగ్ నగర్‌లో జనం మేడల మీద ఉన్నారు, చుట్టూ నీళ్ళే కానీ తాగడానికి చుక్క లేదు, డ్రోన్లతో తిండి పంపాల్సి వచ్చింది. మా పెదనాన్న పిల్లలకి చిల్లగింజ చూపించాడు. బురద నీళ్ళున్న కుండ లోపల గింజని అరగదీసి కలిపి వదిలేస్తే మట్టి అడుగుకి దిగుతుంది, చిన్నోడైతే మ్యాజిక్ అని గంతులేశాడు. అయితే తేటగా కనపడ్డంత మాత్రాన అవి మంచినీళ్ళు కావు, క్రిములు అలాగే ఉంటాయి, ఆ తేట వంచుకుని ఒక నిమిషం తెర్ల కాచాల్సిందే. తాతల నాటి విద్య కదా అని దానితోనే ఆపేసేవాళ్ళతో నాకు పేచీ.

పాముల దగ్గర పెద్దోడు వీడియో జ్ఞానం బయటికి తీశాడు.
"తాతయ్యా, కాటేసిన చోట కోసి నోటితో పీల్చేయాలంట కదా?"
"నీ మొహం. కొయ్యొద్దు, కట్టొద్దు, పరిగెత్తొద్దు. కాలు కదలకుండా పడుకోబెట్టి బండి పిలువు."
కట్లపాము కాటు చాలాసార్లు నొప్పి కూడా తెలీదు, నేల మీద పడుకున్నవాళ్ళని రాత్రిపూట కరుస్తుంది, అందుకే ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ మంచం, దోమతెర, దాని అంచులు పరుపు కిందికి దోపడం. ఇందులో హీరోయిజం ఏమీ లేదు, పిల్లలకి అదే నచ్చలా.

తిండి విషయంలో ఏది తినొచ్చు అనేకంటే ఏది తినకూడదో ముందు చెప్పించా. గురివింద, ఉమ్మెత్త, గన్నేరు, ఆముదం గింజ, తెలియని పుట్టగొడుగు. ఇవి చూడగానే గుర్తుపట్టాలి, అంతే.

అడవిలోనే క్యాంపు వేద్దాం అని గొడవ చేశారు. అది నాగార్జునసాగర్ శ్రీశైలం టైగర్ రిజర్వ్ నాయనా, అనుమతి లేకుండా దూరడమూ, లోపల నిప్పు పెట్టడమూ 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం. చెంచులకి తేనె, గడ్డలు ఎక్కడుంటాయో తెలుసంటే పుట్టినప్పటి నుంచీ ఆ అడవిలో తిరగబట్టి, వీకెండ్ వర్క్‌షాప్‌లో వచ్చేది కాదు. కాబట్టి మా పొలంలోనే కళ్ళం దగ్గర చెకుముకి రాయి, ఉక్కు ముక్క, బూరుగు దూదితో తంటాలు పడ్డాం. నిప్పురవ్వ దూదికి అంటుకున్నప్పుడు అరిచిన అరుపులకి పక్క పొలం వాళ్ళు వచ్చి చూశారు, కానీ నా జేబులో లైటర్ ఎప్పుడూ ఉంటుంది, దాచుకోవాల్సిన విషయమేం కాదు.

నాకు అన్నిటికన్నా నచ్చింది దిక్కులు పట్టుకోవడం. వీడియోలన్నీ ధ్రువ నక్షత్రం చూడమంటాయి, అది మా ఊరికి 15 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది, అంటే చెయ్యి చాపి పిడికిలి పెడితే పిడికిలిన్నర, ఉత్తరాన కొండో చింతచెట్టో ఉంటే ఇక కనపడదు. పెదనాన్న దాని జోలికే పోడు, చలికాలం రాత్రుళ్ళు గొల్లకావిడి (ఇంగ్లీషులో ఓరియన్ బెల్ట్) చూస్తాడు. ఆ వరస మూడు చుక్కలు దాదాపు సరిగ్గా తూర్పున పొడిచి సరిగ్గా పడమర దిగుతాయి, పుట్టేచోటో గుంకేచోటో దొరికితే దిక్కు దొరికినట్టే. హైదరాబాద్‌లో మా డాబా మీంచి కూడా కనపడతాయి, పెద్దోడు ఇప్పుడు వచ్చినవాళ్ళందర్నీ పైకి లాక్కెళ్ళి పరీక్ష పెడుతున్నాడు.

ఇక మిగిలింది బావి. ఈత రాని పిల్లలకి చెకుముకి నేర్పి ఏం లాభం అని పెదనాన్న మొహం మీదే అన్నాడు. నడుముకి జీలుగు బెండు కట్టే రోజులు పోయాయి, ఇప్పుడు ఖాళీ నూనె డబ్బా కడుతున్నారు. సంక్రాంతికి వెళ్ళినప్పుడు చిన్నోడు దిగుతానన్నాడు, వాళ్ళమ్మ మాత్రం ముందు నన్ను దిగి చూపించమంటోంది.